నేతాజీ కోసం ఎదురు చూసిన ఇల్లు

ఏప్రిల్ నెలాఖరుకల్లా మా టూవూంబాలో చలి మొదలైపోతుంది. బ్రిస్బేన్‌కి పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో కొండ అంచున ఉన్న ఊరు ఇది. ఏటా ఏప్రిల్ 25న, అంజాక్ దినం నాడు, తెల్లవారకముందే ఊరంతా తల్లుల స్మారకం దగ్గర చేరుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు వయొలెట్ పూలు చిన్న చిన్న గుత్తులుగా కట్టి వీధుల్లో అమ్మి, ఆ డబ్బుతో 1922లో నిలబెట్టుకున్న రాతి స్తంభం అది. మొదట ఊరి నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలిలో ఉండేది. 1985లో ఈస్ట్ క్రీక్ పార్కులోకి మార్చారు. ఆ యుద్ధంలో చనిపోయిన ఆస్ట్రేలియా సైనికుల శవాలు ఇంటికి రాలేదు. గల్లిపోలీలోనో, ఫ్రాన్సులోనో, ఎక్కడ పోతే అక్కడే పూడ్చారు. సమాధి చూసే అదృష్టం లేని తల్లులు ఈ రాయిని చూసుకుని ఏడ్చేవారట.

కొన్నేళ్ళ క్రితం మా పక్కింటి పెద్దాయనతో కలిసి మొదటిసారి అక్కడికి వెళ్ళాను. ఆయనకి అప్పటికే ఎనభై దాటాయి. వాళ్ళ నాన్న 1942లో సింగపూర్‌లో జపాన్ వాళ్ళకి బందీగా చిక్కి, థాయ్‌లాండ్ బర్మా రైలుమార్గం పనిలో ఎముకల గూడై ఇంటికొచ్చాడు. వాళ్ళ చిన్నాన్న అసలు రానేలేదు. కార్యక్రమం అయ్యాక, కాఫీ కప్పులతో చేతులు వెచ్చబెట్టుకుంటూ ఉండగా, మీ ఇంట్లో ఎవరైనా యుద్ధానికి వెళ్ళారా అని ఆయన నన్ను అడిగాడు. వెళ్ళారన్నాను. ఏ రెజిమెంటు అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మా చిన్నతాత వెళ్ళింది ఆజాద్ హింద్ ఫౌజ్‌లోకి. అంటే జపాన్ పక్కన నిలబడి పోరాడిన సైన్యంలోకి. చల్లారిన కాఫీ తాగి, తరువాత చెబుతానని తప్పించుకున్నాను. అప్పుడు చెప్పలేకపోయినదే ఈ వ్యాసం. సుభాష్ చంద్ర బోస్ గురించి మన సావనీర్లలో ఇదివరకు చాలామంది రాశారు. నేను రాసేది ఆయన పేరు మార్చుకుని బతికిన రోజుల గురించి, ఆయన చనిపోలేదని మూడు తరాలు నమ్మిన కథల గురించి. ఆ కథలు నమ్మిన ఇళ్ళలో మాదీ ఒకటి.

రంగం నుంచి రాని మనిషి

శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాళ్ళకి రంగం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రంగూన్‌ని మావాళ్ళు అలాగే పిలిచేవారు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కితే రంగంలో మూటలు మోసే పనో, బియ్యం మిల్లులో పనో దొరికేది. మా తాత, ఆయన తమ్ముడు అలా వెళ్ళినవాళ్ళే. 1941 డిసెంబరు 23న రంగం మీద మొదటి బాంబులు పడ్డాయి. లక్షల మంది భారతీయులు కాలినడకన బయలుదేరారు. మా తాత ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి, చిట్టగాంగ్ చేరి, కలకత్తా వచ్చి, అక్కణ్ణించి రైల్లో ఇంటికొచ్చాడు. మిల్లు యజమాని దగ్గర ఇద్దరికీ రావలసిన జీతం ఉండిపోయిందని, అది పుచ్చుకుని వెనకాలే వస్తానని తమ్ముడు ఆగాడట.

రాలేదు. యుద్ధం అయ్యాక, 1946లో, పక్క ఊరి మనిషొకడు తిరిగొచ్చి, మా చిన్నతాతని రంగంలో ఖాకీ బట్టల్లో చూశానని, నేతాజీ సైన్యంలో చేరాడని చెప్పాడు. మా ఇంటికి అందిన ఆఖరి కబురు అదే. అప్పటికి మా చిన్నమామ్మకి పాతికేళ్ళు నిండలేదు. పన్నెండేళ్ళు గడిచాక, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించవచ్చునని పురోహితుడు చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. నేతాజీయే చనిపోలేదని లోకమంతా అంటుంటే, ఆయన వెంట వెళ్ళిన మనిషికి కర్మ ఎలా చేస్తారని ఆమె వాదన. 1995లో పోయేదాకా రోజూ పొద్దున్నే నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకునేది.

చిన్నప్పుడు నాకు అది మామూలు విషయంగానే కనబడేది. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో పడి, ఈ దేశం వచ్చాక గాని అందులోని బరువు తెలియలేదు. అందుకే బోస్ మీద దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

ఐ.సి.ఎస్. వదులుకున్న కుర్రవాడు

సుభాష్ చంద్ర బోస్ 1897 జనవరి 23న ఒరిస్సాలోని కటక్‌లో పుట్టాడు. తండ్రి జానకీనాథ్ అక్కడ పేరున్న వకీలు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఓటెన్ అనే ఇంగ్లీషు ఆచార్యుడి మీద దాడి జరిగినప్పుడు, 1916లో బోస్‌ని కాలేజీలోంచి పంపించేశారు. తరువాత ఇంగ్లండు వెళ్ళి, 1920లో ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడే ఆ ఉద్యోగం వదులుకున్నాడు. వీసా స్టాంపు కోసం నెలల తరబడి నిద్రపోని మనలాంటివాళ్ళకి ఆ రాజీనామా విలువ కొంచెం ఎక్కువే అర్థమవుతుంది.

ఆ తరువాత మాండలే జైలు, కలకత్తా మేయరు పదవి, యూరప్‌లో వైద్యం, 1938లో హరిపురా కాంగ్రెస్ అధ్యక్షత. 1939లో రెండోసారి పోటీ చేసినప్పుడు ఆయనకి ఎదురు నిలబడింది మన మచిలీపట్నం వాసి, ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోస్‌కి 1580 ఓట్లు, పట్టాభికి 1377 వచ్చాయి. పట్టాభి ఓటమిని గాంధీజీ తన ఓటమిగానే తీసుకున్నాడు. ఏప్రిల్‌లో బోస్ అధ్యక్ష పదవికి రాజీనామా చేసి ఫార్వర్డ్ బ్లాక్ పెట్టాడు. 1940 జులైలో బ్రిటిష్ వాళ్ళు మళ్ళీ జైల్లో వేశారు. నవంబరు 29న నిరాహారదీక్షకి దిగితే, జైల్లో చనిపోతాడేమోనన్న భయంతో డిసెంబరు 5న ఇంటికి పంపి, ఇంటి చుట్టూ నిఘా పెట్టారు.

మొదటి పేరు: జియావుద్దీన్

ఎల్గిన్ రోడ్డు ఇంట్లో బోస్ గడ్డం పెంచాడు. ధ్యానంలో ఉన్నానని, ఎవరినీ చూడనని చెప్పి గదికి తెరలు కట్టించాడు. భోజనం తెర కింద నుంచి పెట్టేవారు. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక, మహమ్మద్ జియావుద్దీన్ అనే ఇన్సూరెన్స్ ఉద్యోగి వేషంలో, అన్న శరత్ కొడుకు శిశిర్ నడుపుతున్న వాండరర్ కారులో బయటపడ్డాడు. పగలు ధన్‌బాద్ దగ్గర మరో అన్నకొడుకు ఇంట్లో, పనివాళ్ళకి కూడా తెలియకుండా, ఎవరో పరాయి మనిషిలా ఉండి, రాత్రి గోమో స్టేషన్‌లో కాల్కా మెయిల్ ఎక్కాడు. కలకత్తా ఇంట్లో మాత్రం ఆయన గదిలోకి భోజనం వెళుతూనే ఉంది. ఆయన మాయమయ్యాడని లోకానికి తెలిసింది జనవరి 26న.

అప్పటికి ఆయన పెషావర్ దాటేశాడు. పష్తో రాదు కనుక మూగ చెవిటి పఠానుగా నటిస్తూ, భగత్ రామ్ తల్వార్ వెంట కొండలు నడిచి, జనవరి నెలాఖరుకి కాబూల్ చేరాడు. అక్కడ ఉత్తమ్ చంద్ మల్హోత్రా అనే వ్యాపారి తన ఇంట్లో దాచాడు. దొరికితే ఆయన సంసారం ఏమవుతుందో ఆలోచించండి. మార్చిలో బ్రిటిష్ రహస్య విభాగం ఎస్.ఓ.ఈ., బోస్ దారిలో కనబడితే చంపెయ్యమని టర్కీలోని తన మనుషులకి ఆదేశం పంపింది. ఈ సంగతి బయటపడడానికి 2005 దాకా పట్టింది.

రెండో పేరు: మాజోటా

1941 మార్చి 18న కాబూల్ నుంచి బయలుదేరిన కారులో ఒర్లాండో మాజోటా అనే ఇటలీ దేశస్థుడున్నాడు. పాస్‌పోర్టు ఇటలీ రాయబార కార్యాలయం ఇచ్చింది. సరిహద్దు దాటి, సమర్‌ఖండ్, మాస్కో మీదుగా ఏప్రిల్ 2కి బెర్లిన్ చేరాడు. దాదాపు ఏడాది పాటు బెర్లిన్‌లో ఆయన మాజోటాగానే చెలామణీ అయ్యాడు. 1942 ఫిబ్రవరి 19న గాని సొంత పేరుతో రేడియోలో మాట్లాడలేదు.

సరిగ్గా అక్కడే ఈ కథకి కీలకమైన సంఘటన జరిగింది. 1942 మార్చిలో రాయిటర్స్ వార్తా సంస్థ, టోక్యో వెళుతూ బోస్ విమాన ప్రమాదంలో చనిపోయాడని ప్రకటించింది. దేశం దుఃఖంలో మునిగింది. గాంధీజీ బోస్ తల్లికి సంతాపం పంపాడు. కొద్ది రోజుల్లోనే బోస్ స్వయంగా రేడియోలో మాట్లాడి, తాను బతికే ఉన్నానని చెప్పాడు. విమాన ప్రమాదం, మరణవార్త, మళ్ళీ బతికి రావడం. మూడేళ్ళ తరువాత అదే మరణవార్త రెండోసారి వస్తే జనం ఎందుకు నమ్ముతారు? మా ఉద్యోగాల్లో ఒక అలారం ఒకసారి ఉత్తినే మోగిందంటే, రెండోసారి నిజంగా మోగినా ఎవరూ లేచి చూడరు. ఇదీ అంతే.

బెర్లిన్ రోజుల్ని పొగడ్తలతో దాటెయ్యడం నాకు ఇష్టం లేదు. బోస్ 1942 మేలో హిట్లర్‌ని కలిశాడు. ఆ ప్రభుత్వం ఎలాంటిదో ఆయనకి తెలియదని అనలేం. శత్రువుకి శత్రువు అన్న లెక్క ఒక్కటే ఆయన చూసుకున్నాడు. అక్కడే ఎమిలీ షెంకల్‌తో ఉన్నాడు. వియన్నాకి చెందిన ఆమెతో ఆయన పరిచయం 1934 నాటిది. 1942 నవంబరు 29న వాళ్ళకి అనిత పుట్టింది. పసిపిల్లకి మూడు నెలలైనా నిండకముందే తండ్రి మళ్ళీ బయలుదేరాడు. కూతురు ఆయన్ని తరువాత ఎన్నడూ చూడలేదు.

మూడో పేరు: మత్సుదా

1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవులో యు-180 అనే జలాంతర్గామి ఎక్కాడు. వెంట వచ్చిన ఒకే ఒక్క భారతీయుడు మన హైదరాబాదు వాడు, ఆబిద్ హసన్. బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదువుకుంటున్న కుర్రవాడు, చదువు వదిలి బోస్‌కి కార్యదర్శి అయ్యాడు. జైహింద్ అన్న నినాదం ఆయన పెట్టినదే. డీజిల్ వాసనలో, నిటారుగా నిలబడడానికి చోటు లేని ఇనప గొట్టంలో, ఇద్దరూ ఆఫ్రికా చుట్టూ తిరిగారు. ఏప్రిల్ చివర మడగాస్కర్‌కి దూరంగా, అలల మధ్య రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారారు. మే 6న సుమత్రా పక్కనున్న సబాంగ్‌లో నేల మీద కాలు పెట్టారు. టోక్యో వెళ్ళిన కొత్తలో ఆయన పేరు మత్సుదా.

జులైలో సింగపూర్‌లో మాత్రం ఏ మారుపేరూ లేదు. రాస్ బిహారీ బోస్ నుంచి నాయకత్వం అందుకుని, జనానికి నేతాజీగా నిలబడ్డాడు. 1943 అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించాడు. యుద్ధఖైదీలుగా ఉన్న భారత సైనికులే కాకుండా, మలయా తోటల్లో పనిచేసే తమిళులు, తెలుగువాళ్ళు, రంగం కూలీలు వేల సంఖ్యలో చేరారు. తుపాకీ ఎన్నడూ పట్టని మా చిన్నతాత లాంటివాళ్ళు వాళ్ళే. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేశారు. వానాకాలం వచ్చేసరికి ఇంఫాల్ దండయాత్ర కూలిపోయింది. గుండు తగిలి పోయినవాళ్ళ కంటే ఆకలికి, మలేరియాకి, విరేచనాలకి పోయినవాళ్ళే ఎక్కువని ఆ యుద్ధం మీద వచ్చిన పుస్తకాలన్నీ చెబుతాయి. వాళ్ళ పేర్లు ఎవరు రాసుకున్నారు?

పక్కింటాయనకి నేను చెప్పలేకపోయినది కూడా ఇక్కడే ఉంది. ఆయన తండ్రి మోసిన పట్టాల పనిలోనే, మలయా తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు కూడా దిక్కులేని చావు చచ్చారు. 1943 డిసెంబరులో బోస్ అండమాన్ వెళ్ళి జెండా ఎగరేసినప్పుడు, జైల్లో జపాన్ వాళ్ళు స్థానికుల్ని చిత్రహింసలు పెడుతూనే ఉన్నారు. ఆయన్ని ఆ గదుల వైపు పోనివ్వలేదు. వీరుడైనంత మాత్రాన ఆయన ఎంచుకున్న స్నేహం మంచిదైపోదు. ఆ స్నేహం చెడ్డదైనంత మాత్రాన ఆయన త్యాగమూ చిన్నదైపోదు. రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి.

తైహోకు

1945 ఏప్రిల్ 24న నేతాజీ రంగం వదిలిపెట్టాడు. ఝాన్సీ రాణి దళం ఆడపిల్లల్ని క్షేమంగా దాటించడానికి వాళ్ళతో పాటు రోజుల తరబడి నడిచి బ్యాంకాక్ చేరాడు. ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఆగస్టు 16న సింగపూర్ నుంచి బ్యాంకాక్, 17న సైగాన్. అక్కడ జపాన్ బాంబరు విమానంలో ఆయనకి, ఇంకొక్కరికి మాత్రమే చోటుందన్నారు. ఆబిద్ హసన్‌తో సహా మిగతావాళ్ళని అక్కడే వదిలి, కల్నల్ హబీబుర్ రహమాన్‌ని తీసుకుని ఎక్కాడు. ఆ రాత్రి టూరేన్‌లో ఆగి, ఆగస్టు 18 మధ్యాహ్నం ఫార్మోసాలోని తైహోకులో, అంటే ఇప్పటి తైపేలో, దిగారు. పెట్రోలు నింపుకుని పైకి లేస్తూనే ఎడమ ఇంజను ఊడిపోయి విమానం కూలింది. పెట్రోలుతో తడిసిన నేతాజీ బట్టలు అంటుకున్నాయి. మంటలు ఆర్పబోయి హబీబుర్ రహమాన్ చేతులు కాలాయి. ఆ రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య సైనిక ఆసుపత్రిలో నేతాజీ ప్రాణం పోయింది. 20న దహనం జరిగింది. చితాభస్మాన్ని సెప్టెంబరులో టోక్యో తెచ్చి, రెంకోజీ అనే చిన్న బౌద్ధాలయంలో ఉంచారు.

ఈ వార్తని జపాన్ ఆగస్టు 23న గాని బయటపెట్టలేదు. ముఖం కనబడే ఫోటో ఏదీ బయటికి రాలేదు. తైహోకు దహన రికార్డులో ఆ రోజుల్లో ఉన్నది ఇచిరో ఒకురా అనే జపాన్ సైనికుడి పేరు. రహస్యం కోసం మారుపేరు రాశారని కొందరు, అది నిజంగా వేరే మనిషిదేనని కొందరు వాదించారు. బతికినన్నాళ్ళూ మారుపేర్లతో తప్పించుకున్న మనిషి, చావు కాగితంలో కూడా మారుపేరుతోనే మిగిలాడన్నమాట.

నాలుగో పేరు వెతికిన జనం

జియావుద్దీన్, మాజోటా, మత్సుదా అయినవాడు మరో పేరుతో ఎందుకు ఉండకూడదు? జనం వేసుకున్న ప్రశ్న ఇదే. గాంధీజీ కూడా కొన్నాళ్ళు ఆయన బతికే ఉన్నాడన్నాడు. 1946 మార్చిలో తన మనసు మార్చుకుని, ఆ మాట మరిచిపొమ్మని కోరాడు. జనం మాత్రం మరిచిపోలేదు. రష్యా జైల్లో ఉన్నాడన్నారు. 1960 దశకం మొదట్లో ఉత్తర బెంగాల్‌లోని శౌల్‌మారి ఆశ్రమంలో ఉన్న సాధువే నేతాజీ అన్నారు. 1964లో నెహ్రూ భౌతికకాయం పక్కన నిలబడ్డ ఒక భిక్షువు ఫోటో చూపించి ఇడుగో అన్నారు. ఆ భిక్షువు కంబోడియా దేశానికి చెందిన ధర్మవర. ఫైజాబాద్‌లో తెర వెనక నుంచే మాట్లాడే ఒక బాబా 1985 సెప్టెంబరులో పోతే, ఆయన పెట్టెల్లో బోస్ కుటుంబం ఫోటోలు, ఆజాద్ హింద్ ఫౌజ్ పుస్తకాలు దొరికాయి. ఆయన్నే గుమ్‌నామీ బాబా అంటారు. పేరు లేని బాబా అని అర్థం.

మన తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపాక, ఆయన తప్పించుకున్నాడని, సన్యాసిగా తిరుగుతున్నాడని మన్యంలో ఎంతకాలం చెప్పుకున్నారో మన పెద్దలకి తెలుసు.

మా ఊరికీ ఒక నేతాజీ వచ్చాడు. శౌల్‌మారి కబుర్లు పేపర్లలో వస్తున్న రోజుల్లో, గుండ్రటి కళ్ళజోడు పెట్టుకున్న బైరాగి ఒకాయన వంశధార ఒడ్డున గుడి మండపంలో కొన్నాళ్ళు మకాం వేశాడట. ఎవరితోనూ మాట్లాడడు. ఒకసారి పోస్టు మాస్టరుతో ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు. ఊరికి అది చాలు. మా చిన్నమామ్మ పెరుగన్నం మూట కట్టుకుని వెళ్ళింది. దేశం గురించీ స్వాతంత్ర్యం గురించీ ఆమె ఏమీ అడగలేదు. మా ఆయన కులాసాగా ఉన్నాడా అని ఒక్క మాట అడిగింది. ఆ బైరాగి చెయ్యెత్తి దీవించాడు. దాన్ని ఔననే తీసుకుంది. మరో ముప్ఫై ఏళ్ళు ఆ ఒక్క దీవెన మీద బతికింది. అప్పటికి పదేళ్ళవాడైన మా నాన్న ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాడు.

మూడు విచారణలు

1956లో షా నవాజ్ కమిటీ, 1970 నుంచి 1974 దాకా ఖోస్లా కమిషన్ విచారించి, తైహోకు ప్రమాదంలోనే నేతాజీ పోయాడని తేల్చాయి. మొదటి కమిటీలో ఉన్న సొంత అన్న సురేశ్ బోస్ ఒప్పుకోలేదు. 1999లో వేసిన ముఖర్జీ కమిషన్, ఆయన విమాన ప్రమాదంలో చనిపోలేదని, రెంకోజీలో ఉన్నది ఆయన భస్మం కాదని చెప్పింది. 2006లో ప్రభుత్వం ఆ నివేదికని తిరస్కరించింది. గుమ్‌నామీ బాబా ఎవరో తేల్చడానికి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2016లో వేసిన సహాయ్ కమిషన్ కూడా ఆయన్ని నేతాజీ అనలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం రహస్య ఫైళ్ళు బయటపెట్టింది. సంచలనం కోసం చూసినవాళ్ళకి నిరాశే మిగిలింది.

ఇవన్నీ చదివి నేను తైహోకునే నమ్ముతున్నాను. పక్కనే ఉన్నవాడు, విమానంలో బతికి బయటపడ్డ జపాన్ వాళ్ళు, వైద్యం చేసిన డాక్టరు యోషిమి, వేరువేరు దేశాల్లో, వేరువేరు కాలాల్లో అసలు విషయం ఒకేలా చెప్పారు. చిన్న చిన్న వివరాల్లో తేడాలున్నాయి. పదేళ్ళ తరువాత అడిగితే ఎవరి జ్ఞాపకంలోనైనా ఉంటాయి. తేడా ఒక్కటి కూడా లేకపోతేనే నాకు అనుమానం వచ్చేది. ఇంకోమాట. కూతుర్ని, అన్నని, చీలిపోయిన దేశాన్ని నలభై ఏళ్ళు తెర వెనక నుంచి చూస్తూ ఊరుకునే స్వభావం ఆయనది కాదు.

కానీ కథలు పుట్టినందుకు జనాన్ని ఎగతాళి చెయ్యలేను. 1945 జులై 8న సింగపూర్ సముద్రపు ఒడ్డున, చనిపోయిన ఆజాద్ హింద్ సైనికుల కోసం నేతాజీ స్వయంగా ఒక స్మారకానికి శంకుస్థాపన చేశాడు. సెప్టెంబరులో తిరిగొచ్చిన బ్రిటిష్ సైన్యం మౌంట్‌బాటెన్ ఆజ్ఞతో దాన్ని కూల్చేసింది. ఆ చోట ఒక గుర్తు ఫలకం పెట్టడానికి 1995 దాకా పట్టింది. మా చిన్నమామ్మ పోయింది ఆ ఏడే. టూవూంబా తల్లులకి ఒక రాయి ఉంది. మావాళ్ళకి ఉన్న రాయి కూడా పోయింది. ఏడవడానికి చోటు లేనివాళ్ళు ఎదురు చూడడం నేర్చుకున్నారు.

ఒకసారి ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళినప్పుడు రెంకోజీ వెతుక్కుంటూ పోయాను. ఇళ్ళ మధ్య ఇరుకు సందులో చిన్న గుడి. గేటు మూసి ఉంది. కమ్మీల మధ్య నుంచి ఆవరణలో నేతాజీ విగ్రహం కనబడింది. రాజేంద్ర ప్రసాద్, నెహ్రూ, ఇందిర, వాజ్‌పేయి, అందరూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. భస్మాన్ని మాత్రం వెంట తీసుకెళ్ళలేదు. ఎవరో ఒకరికి కోపం వస్తుందన్న భయం. జర్మనీలో అర్థశాస్త్రం ఆచార్యురాలిగా పనిచేసిన అనిత, తండ్రి భస్మాన్ని ఇండియా తీసుకురమ్మని, అనుమానముంటే డి.ఎన్.ఏ. పరీక్ష చేయించమని పలుమార్లు కోరింది. కథని కాపాడుకోవడానికి మనం ఒక కూతురు అడిగిన చిన్న కోరికని పక్కన పెట్టాం. మా ఇంట్లో చిన్నమామ్మ కోసం అందరం చేసిందీ అదేనేమో. ఆమె బాధపడుతుందని ఎవరూ నిజం మాట్లాడలేదు. ఆమె ఒక్కర్తే యాభై ఏళ్ళు గుమ్మం వైపు చూసింది.

ఆబిద్ హసన్ సంగతి చెప్పి ముగిస్తాను. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన మన దేశానికి రాయబారిగా పనిచేసి, హైదరాబాదు చేరి, 1984లో అక్కడే పోయాడు. మూడు నెలలు సముద్రం అడుగున నేతాజీతో కలిసి తిన్న మనిషి, సైగాన్‌లో ఆయన్ని ఆఖరిసారి చూసిన మనిషి, మన మధ్యే ఉన్నాడు. మనలో ఎంతమందిమి వెళ్ళి ఆయన్ని అడిగాం? బాబాల తెరల వెనక మాత్రం తొంగి చూశాం.

మరుసటి అంజాక్ దినాన నేనే పక్కింటాయన దగ్గరికి వెళ్ళి, మా చిన్నతాత ఏ సైన్యమో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తన చిన్నాన్నకి కూడా సమాధి లేదని, సింగపూర్ క్రాంజీ స్మారకం గోడ మీద పేరు మాత్రం ఉందని, మీవాడి పేరు ఎక్కడుందని అడిగాడు. ఎక్కడా లేదన్నాను. తన కోటుకి పెట్టుకున్న రోజ్‌మేరీ రెమ్మ తీసి నా చేతికిచ్చాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ రెమ్మని తల్లుల రాయి దగ్గర పెట్టి వచ్చాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆ ఏడు మహాలయ అమావాస్యకి వంశధారలో తర్పణం వదిలేటప్పుడు నాన్న మొదటిసారి తన చిన్నాన్న పేరు చెప్పాడు. పక్కనే చిన్నమామ్మ పేరు కూడా.

ఈ సభలకి వచ్చినవాళ్ళలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది ఉంటారు. మీ ఇంట్లో కూడా రంగం వెళ్ళి రానివాళ్ళు ఉండే ఉంటారు. ఇంకా చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే ఆ పేరు, ఊరు, వెళ్ళిన ఏడు అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టండి. పిల్లలకి చూపించండి.